చాపలు పరిచే పని: ఆటిజం అనుమానం ఉన్న మూడేళ్ల బాబుకి బడి వెతికిన కేసు

కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాం. ఊరు తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. పిల్లవాణ్ని ఇక్కడ బాబు అనే అంటాం.

నేపథ్యం

మా దగ్గరికి మొదటిసారి తీసుకొచ్చినప్పుడు బాబుకి 2 సంవత్సరాల 11 నెలలు. తొలి సంతానం, నెలలు నిండి పుట్టాడు, 13వ నెలలో నడిచాడు. తండ్రి బైకుల మెకానిక్, తల్లి ఇంటి దగ్గరే ఉంటుంది, నాయనమ్మ వాళ్లతోనే ఉంటుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు ఒక్కటే. తిండి మాత్రం మూడు పూటలా ఫోన్ ముందే.

తల్లికి ఏడాదిన్నర వయసులోనే అనుమానం వచ్చింది. "వీళ్ల నాయిన నాలుగేండ్లకు మాట్లాడిండు, గాబరా ఎందుకు" అని నాయనమ్మ ఆపింది. ఆ మాటలో అబద్ధం లేదు, ఆలస్యంగా మాట్లాడే పిల్లలు ఉంటారు. కానీ అలాంటి పిల్లలు మాట రాకముందే వేలితో చూపిస్తారు, అమ్మ ముఖం చూసి నవ్వుతారు, ఆకాశంలో విమానం పోతుంటే పక్కవాళ్లనీ చూడమంటారు. బాబు దగ్గర లేనివి అవే. నాయనమ్మకి కూడా ఇదే తేడా విడమరిచి చెప్పాం. "ఆటిజం" అనే మాట ఆ రోజు ఆమె ముందు వాడలేదు.

తెచ్చిన సమస్య

తల్లిదండ్రులు అడిగింది వైద్యం గురించి కాదు. "ఏ స్కూల్లో చేర్పించాలె?" అని అడిగారు. అంతకు ముందు ఒక ప్లే స్కూల్లో చేర్చారు. రెండు నెలలకి "మాటలు వచ్చినంక తీసుకురండి" అని ఫీజులో సగం తిరిగిచ్చి పంపేశారు.

బాబు ఇంగ్లిష్ అక్షరమాల మొత్తం, ఇరవై దాకా అంకెలు, మూడు రైమ్స్ చెప్పగలడు. నీళ్లు కావాలంటే మాత్రం అమ్మ మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాగుతాడు. పేరు పిలిస్తే పదిసార్లకు ఒకటి రెండుసార్లు తిరుగుతాడు. గుమ్మం ముందు చెప్పులు వరసగా పేర్చి, ఒకటి కదిపితే ఏడుస్తాడు. మిక్సీ తిరిగినా, కుక్కర్ విజిల్ వేసినా చెవులు మూసుకుంటాడు. గేటు తెరిచి ఉంటే వెనక్కి చూడకుండా రోడ్డు మీదికి పరుగెత్తుతాడు. ఈ చివరిది ఇంట్లోవాళ్లు అల్లరి కింద లెక్కేశారు, మేము ఫైల్‌లో అన్నిటికంటే పైన రాసుకున్నాం.

మొదటి నిర్ణయం: ముందు చెవులు

మాట ఆలస్యమైన ఏ పిల్లవాడికైనా ముందు వినికిడి పరీక్షే చేయించాలి. "వినపడకపోతే రైమ్స్ ఎట్ల పాడుతడు?" అన్నాడు తండ్రి. సరైన ప్రశ్నే. అయితే ఒక చెవిలో లోపం ఉన్నా, చెవిలో నీరు చేరి వినికిడి వచ్చిపోతూ ఉన్నా, ఫుల్ సౌండ్ పెట్టిన ఫోన్‌లోంచి రైమ్ నేర్చుకోగలడు.

జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీలో ఓఏఈ అనే తొలి వినికిడి పరీక్ష చేశారు. డీఈఐసీ అంటే జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద నడిచే ముందస్తు గుర్తింపు కేంద్రం. కుడి చెవి పాస్, ఎడమ చెవి రెఫర్, అంటే ఇంకా పరీక్షించాలి, అని వచ్చింది. చెవి పొర కదలిక చూసే టింపనోమెట్రీలో ఎడమ చెవి పొర వెనక నీరు ఉన్నట్టు తేలింది. ఈఎన్‌టీ డాక్టర్ జలుబుకి మందులిచ్చి ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. అప్పటికి రెండు చెవులూ పాస్ అయ్యాయి. శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందా అని పిల్లవాడు నిద్రలో ఉండగా చూసే బెరా పరీక్ష మాత్రం మొదటి రోజు కుదరలేదు, నుదుటి మీద ఎలక్ట్రోడ్ అంటించగానే లేచిపోయాడు. రెండోసారి తెల్లవారి ఐదింటికే లేపి, దారిలో కునుకు తీయనివ్వకుండా తెచ్చి, పరీక్ష గది పక్కనే పెరుగన్నం పెట్టి పడుకోబెట్టారు. మత్తు మందు అవసరం లేకుండానే పూర్తయింది, ఫలితం నార్మల్.

ఆ ఆరు వారాలు ఖాళీగా కూర్చోలేదు. వినికిడి తేలేదాకా మిగతాది మొదలుపెట్టొద్దని చాలామంది అంటారు. కానీ కళ్ల ఎత్తుకు వంగి మాట్లాడడం, అడిగేదాకా ఆగి ఇవ్వడం వంటివి వినికిడి లోపమున్న పిల్లలకీ పనికొచ్చేవే. తప్పు దారి పట్టే ప్రమాదం లేనప్పుడు ఆగితే నష్టం పిల్లవాడికే.

రెండో నిర్ణయం: పేరు పెట్టేదాకా ఆగొద్దు

ఆటిజం అనుమానం ఉందా అని తొలిగా చూసే ఎం-చాట్ ప్రశ్నలు తండ్రి ఫోన్‌లో నింపి "11 వచ్చింది" అని స్క్రీన్‌షాట్ తెచ్చాడు. ఆ ఇరవై ప్రశ్నలు 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారుచేసినవి. 35 నెలల పిల్లవాడికి ఆ అంకె పెట్టి ఏదీ తేల్చలేం. ఆటిజం తేల్చడానికి మన దేశంలో వాడే ఐఎస్‌ఏఏ అనే పరీక్షలో 40 అంశాలు ఉంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు, మొత్తం 70కి తక్కువైతే ఆటిజం లేనట్టు. దాన్ని శిక్షణ ఉన్నవాళ్లు పిల్లవాణ్ని చూసి, తల్లిదండ్రులను అడిగి నింపాలి. ఆ అపాయింట్‌మెంట్ నాలుగు నెలల తర్వాతకి దొరికింది.

ఈ నాలుగు నెలలు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. ఫైల్‌లో "ఆటిజం లక్షణాలు ఉన్నాయి, నిర్ధారణ కావాలి" అని రాసి బడి వెతకడం మొదలుపెట్టాం. బడిలో టీచర్‌కి కావలసింది జబ్బు పేరు కాదు, పిల్లవాడు నీళ్లెలా అడుగుతాడో తెలియాలి. అది చెప్పడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

చట్టం విషయం కూడా కుటుంబానికి ఉన్నదున్నట్టు చెప్పాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. కానీ 31వ సెక్షన్ ఉచిత విద్య హక్కు ఇచ్చేది 6 నుంచి 18 ఏళ్ల వాళ్లకి. విద్యాహక్కు చట్టం కూడా ఆరేళ్ల నుంచే. 16వ సెక్షన్ వివక్ష లేకుండా చేర్చుకోమంటుంది, అయితే ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న సంస్థలకే. వీధి చివరి ప్లే స్కూల్‌కి చాలాసార్లు ఆ రెండూ ఉండవు. మూడేళ్ల పిల్లవాడి కోసం చట్టం చూపించి తలుపు తెరిపించడం కష్టం. మిగిలిన పెద్ద దారి అంగన్‌వాడీ. దివ్యాంగ పిల్లల కోసం కేంద్రం 2023 నవంబర్‌లో విడుదల చేసిన అంగన్‌వాడీ ప్రోటోకాల్ ఈ పిల్లల్ని గుర్తించి, చేర్చుకుని, ఆర్‌బీఎస్‌కే బృందానికి పంపమని చెబుతుంది. కుటుంబం మాత్రం అంగన్‌వాడీ మాట ఎత్తగానే "అది గుడ్లు, బాలామృతం తెచ్చుకునే జాగ కదా" అంది. కాబట్టి మొదట ప్రైవేటుకే వెళ్లాం.

ఫలించనివి

రెండో ప్లే స్కూల్, షాడో టీచర్. ఈసారి విషయం దాచకుండా చెప్పి చేర్చారు. గదిలో 26 మంది, ఒక టీచర్, ఒక ఆయా. షాడోగా, అంటే బాబు ఒక్కడి పక్కనే ఉండి చూసుకునే మనిషిగా, ఒకమ్మాయిని తల్లిదండ్రులే జీతమిచ్చి పెట్టాలన్నది స్కూల్ షరతు. మూడో వారం గది మూల కూర్చుని 40 నిమిషాలు లెక్కపెట్టాం. షాడో బాబుకి చెప్పడమో, చెయ్యి పట్టి చేయించడమో 60 సార్లు దాటింది. క్లాస్ టీచర్ బాబు పేరు పలికింది రెండుసార్లు. పక్క పిల్లలు ఒక్కసారీ దగ్గరికి రాలేదు, మధ్యలో పెద్దమనిషి అడ్డంగా కూర్చుంటే ఎవరొస్తారు? క్రేయాన్ తీయడానికి కూడా బాబు ఆ అమ్మాయి చేతికోసం ఎదురుచూడడం మొదలుపెట్టాడు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. గొడవ కాకుండా చూడమని ఆమెకు చెప్పారు, చూసింది. మూడడుగులు వెనక్కి జరగమని, చెప్పేముందు ఐదు లెక్కపెట్టమని, క్లాస్ టీచర్ పిలిచేదాకా ఆగమని నేర్పాం. రెండు రోజులు జరిగింది. మూడో రోజు బాబు కుర్చీ ఎక్కగానే మళ్లీ మొదటికొచ్చింది. ఏడు వారాలకి మాన్పించాం. షాడో పెట్టేముందు "ఈమె ఎప్పుడు, ఎలా తగ్గుతుంది?" అన్నది కాగితం మీద రాసి ఉండాల్సింది. మేము రాయలేదు.

బొమ్మ కార్డులు. ఇంగ్లిష్ పేర్లతో పది లామినేటెడ్ కార్డులు ఇచ్చాం. బాబు వాటిని అంచులు కలిపి చక్కగా వరస పేర్చుకున్నాడు. బొమ్మకీ వస్తువుకీ ఉన్న సంబంధం ఇంకా అందని పిల్లవాడికి బొమ్మ ఇవ్వడం మా పొరపాటు. వాటిని తీసేసి అసలు వస్తువులే పెట్టాం. స్టీలు గ్లాసు చేతికిస్తే నీళ్లు, సొంత కంచం ఇస్తే అన్నం, చెప్పులు ఇస్తే బయటికి. ఐదు వారాలకి వాటి ఫోటోలు, ఒకసారికి మూడే. బజారు కార్డుల్లోని గాజు గ్లాసు బొమ్మ ఆ ఇంట్లో లేని వస్తువు.

ఫోన్ ఒక్కరోజులో ఆపడం. ఎవరో చెప్పారని తండ్రి ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. రెండు రోజులు బాబు పాలు తప్ప ఏమీ ముట్టలేదు. ఆ ఇంట్లో ఫోన్ తిండికి గంటలాంటిది, గంట మోగకపోతే తిండి మొదలవదు. తిరిగి ఇచ్చి, వేరేలా తగ్గించాం. వీడియో చివరి మూడు ముద్దల ముందు ఆగిపోతుంది, నాలుగు రోజుల తర్వాత ఐదు ముద్దల ముందు, ఆపైన సగం కంచానికి. నెల పట్టింది.

ఇంగ్లిష్‌లోనే మాట్లాడడం. ఎవరో ఇచ్చిన సలహా ఇది. "వచ్చిన మాటలన్నీ ఇంగ్లిష్ కదా, తెలుగు మానేయండి" అన్నారట. తల్లి వచ్చీరాని ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ మాటలే తగ్గించేసింది, నాయనమ్మ పూర్తిగా మౌనం. బాబుకి వచ్చిన ఆ ఇంగ్లిష్ అడగడానికి వాడేది కాదు, ఒప్పజెప్పేది. ఇంటి భాష మానేస్తే ఆటిజం ఉన్న పిల్లలకి మాట త్వరగా వస్తుందనడానికి ఆధారం లేదు. మళ్లీ తెలుగుకి తెచ్చాం, పొట్టి మాటల్లో: "నీళ్లు." "ఇవ్వు." "అయిపోయింది." నాయనమ్మ "చుక్ చుక్ రైలు" అంటూ వీపు మీద ఎక్కించుకుని, మధ్యలో ఆగి ఎదురుచూసేది. బాబు తనంతట తాను మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది ఆ ఆటలోనే.

మధ్యలో ఒకరు స్టెమ్‌సెల్ చికిత్స బ్రోచర్ ఇచ్చారు. తండ్రి ఇంటి కాగితాలు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డాడు. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి అది ఆమోదించిన చికిత్స కాదు, అనుమతి ఉన్న పరిశోధన బయట ఇవ్వకూడదు, పరిశోధనైతే డబ్బు తీసుకోకూడదు. ఈ చివరి ముక్క విన్నాకే ఆయన ఆ కాగితం మడిచి పక్కన పెట్టాడు.

గది ఎంచుకోవడం

రెండోసారి వెతికేటప్పుడు "ఆటిజం పిల్లల్ని చేర్చుకుంటారా?" అని అడగడం మానేశాం. ఫోన్‌లో ఆ ప్రశ్నకి వచ్చేది "లేదు", లేదా ఏ అర్థమూ లేని "ఓకే". బదులుగా గదిలో ఇరవై నిమిషాలు నిలబడి చూశాం. పిల్లవాడు వరసలోంచి లేచిపోతే టీచర్ ఏం చేస్తుంది? గేటుకి గడియ ఏ ఎత్తులో ఉంది? గోడలు చప్పుడుని ఎంత తిప్పికొడుతున్నాయి? ఆ తర్వాత ఒకే ప్రశ్న: "మాట రాని పిల్లవాడికి నీళ్లు కావాలంటే మీకెట్ల తెలుస్తది?"

పేరున్న ప్రీస్కూల్‌లో "అడగడం నేర్పిస్తాం" అన్నారు. ఇంట్లో నడిపే చిన్న ప్లే స్కూల్‌లో "వాళ్ల మమ్మీ బాటిల్ పంపిస్తది కదా" అన్నారు. బాబు ఇంటికి మూడు వీధుల అవతల ఉన్న అంగన్‌వాడీ టీచరమ్మ కాసేపు ఆలోచించింది. "కుండ దిక్కు చూస్తడు. లేకుంటే నా కొంగు గుంజుతడు" అంది. మేము ఎంచుకున్నది ఆ జవాబునే. రిజిస్టర్‌లో 22 మంది, రోజూ వచ్చేది 11 నుంచి 14 మంది. వరండా ఉంది, చుట్టూ వినపడేది ఇంటి భాషే.

ఆమె భయం కూడా దాచుకోలేదు: "మాకు ట్రైనింగ్ ఇయ్యలే మేడం. రేపు ఏమన్నైతే నన్నే అంటరు." సూపర్‌వైజర్‌కి ముందే చెప్పి, తల్లి పిలిస్తే ఐదు నిమిషాల్లో వచ్చేలా మాట తీసుకుని, గేటుకి పైన ఇంకో గడియ పెట్టించాం. గోడకి ఒక కాగితం అంటించాం, బాబు చెబుతున్నట్టుగా:

"పేరు పిలిస్తే తిరగకపోవచ్చు. ముందుకొచ్చి వంగి పిలవండి. నీళ్లకి చెయ్యి లాగుతాను. గ్లాసు చూపించి ఐదు లెక్కపెట్టండి. చప్పుడు ఎక్కువైతే చెవులు మూసుకుంటాను. తిట్టకండి, వరండాలోకి పంపండి. గేటు తెరిస్తే పరుగెత్తుతాను. గడియ వేయండి. ఏడుస్తుంటే మాటలు తగ్గించి పక్కన కూర్చోండి."

ఇంతకు మించి ఒక్క వాక్యం రాసినా ఎవరూ చదవరు. జబ్బు పేరు అందులో లేదు, గోడ మీది కాగితం ఊరంతా చదువుతుంది.

పనిచేసినవి

మొదటి వారం 45 నిమిషాలే. మిగతా పిల్లలకంటే పావుగంట ముందు తీసుకెళ్లాం. నిండిన గదిలోకి అడుగుపెట్టడం వేరు, ఖాళీ గది ఒక్కొక్కరితో నిండడం వేరు. తల్లి నాలుగు రోజులు గదిలో, తర్వాత గుమ్మం దగ్గర, తర్వాత వరండాలో, పన్నెండో రోజు నుంచి ఇంట్లో. దొంగచాటుగా వెళ్లిపోవద్దని గట్టిగా చెప్పాం. ఒకసారి అలా మాయమైతే పిల్లవాడు తర్వాతి పదిరోజులూ ఆటమాని గుమ్మమే చూస్తాడు. రోజూ ఒకటే మాట, "అమ్మ పోయి వస్తది", ఒకటే చెయ్యి ఊపు. ఏడుస్తున్నా సరే.

రోజూ ప్రార్థన దగ్గర గొడవయ్యేది. పన్నెండు గొంతులు, రేకుల కప్పు. చెవులు మూసుకుని గోడకి తల ఆనించేవాడు. చేతులు తీయించి అలవాటు చేద్దామా, బయటికి పంపేద్దామా అన్నది చర్చ. బయటికి పంపితే తప్పించుకోవడం నేర్చుకుంటాడని టీచరమ్మ సందేహం, న్యాయమైనదే. మధ్యదారి ఆయా చూపించింది. ప్రార్థన సమయంలో ఆమె వరండాలోంచి చాపలు తెచ్చి పరుస్తుంది, బాబుని తోడు పెట్టుకుంది. చుట్టిన చాప రెండు చేతులా మోస్తుంటే చెవులు మూసుకునే తీరిక లేదు, బరువు మోస్తుంటే ఒళ్లూ కుదుటపడినట్టు కనిపించింది. చప్పుడు ఉంది కానీ గోడ అవతల ఉంది. ప్రార్థన ముగిసేసరికి చాపతో లోపలికి వస్తాడు. మూడు వారాలకి మిగతా పిల్లలు "బాబు, చాప!" అని పిలవడం మొదలుపెట్టారు. ఇది మా ప్లాన్‌లో లేదు. ఐదో వారం నుంచి ఆఖరి రెండు లైన్లు గదిలోనే వింటున్నాడు.

నీళ్ల దగ్గర, తినేటప్పుడు అడిగే అవకాశాలు కల్పించాం. గ్లాసులో రెండు గుక్కలే పోస్తారు, మళ్లీ కావాలంటే అరచేయి చాపాలి. మొదట ఆయా వెనకనుంచి మోచేయి తాకి గుర్తుచేసేది, టీచరమ్మ ఎదురుగా గ్లాసు పట్టుకునేది. ఇచ్చే మనిషే గుర్తుచేస్తే పిల్లవాడు అడగడం కాక, చెప్పించుకోవడం నేర్చుకుంటాడు. అందుకే ఇద్దరు.

గుడ్డు మొదట కంచంలోంచి విసిరేశాడు. పక్కన వేరే మూతలో పెట్టి, తినమని ఎవరూ అనకుండా వదిలేశారు. నాలుగో వారం ముట్టుకున్నాడు, ఆరో వారం తెల్లసొన కొరికాడు. పచ్చసొన ఇప్పటికీ లేదు.

కొలతకి ఒక నోట్‌బుక్, రోజుకి మూడు గీతలు: తనంతట తాను ఎన్నిసార్లు అడిగాడు, చాప మీద ఎన్ని నిమిషాలు కూర్చున్నాడు, ఏడిస్తే ఎన్ని నిమిషాలకి తేరుకున్నాడు. మొదటి వారం 0, 2, 25. ఆరో వారం 4, 6, 12. పద్నాలుగో వారం 11, 9, 5. టీచరమ్మకి రిజిస్టర్లు ఇప్పటికే చాలా ఉన్నాయి, నాలుగో గడి అడిగి ఉంటే ఈ మూడూ నిండేవి కావు. డీఈఐసీలో స్పీచ్ థెరపీ పదిహేను రోజులకోసారి అరగంట. ఆ అరగంటలో థెరపిస్ట్ బాబుతో కాక, బాబుతో తల్లి ఆడుతుంటే చూసి సరిచేసింది.

వెనకడుగు

తొమ్మిదో వారం టీచరమ్మకి సర్వే డ్యూటీ పడింది, వెంటనే బతుకమ్మ, దసరా సెలవులు. తిరిగొచ్చేసరికి బాబు ఇద్దరు పిల్లల్ని కొరికాడు. ఒకరి తల్లి వచ్చి అరిచింది. సెలవులే కారణమని అందరూ అన్నారు. మూడు రోజులు కొరికిన చోటు, సమయం, ముందేం జరిగిందో రాయించాం. అన్నీ చేతులు కడుక్కునే నల్లా దగ్గరే, వెనకనుంచి తోపులాట అయినప్పుడే. బాబుని వరసలో మొదటివాడిగా నిలబెట్టారు, కొరకడం ఆగింది. వరసలో మధ్యన నిలబడడం తర్వాత నేర్పొచ్చు. ఈ వెనకడుగులో మా తప్పు వేరే ఉంది. గ్లాసు పట్టుకునే పని టీచరమ్మకి ఒక్కదానికే నేర్పాం. ఆమె లేని ఎనిమిది రోజులూ నోట్‌బుక్‌లో అడిగిన గడి సున్నా.

పరీక్ష, ఆ తర్వాత

3 సంవత్సరాల 4 నెలలకి జరిగిన పరీక్షలో ఆటిజం అని తేలింది. టీచరమ్మ నోట్‌బుక్ అప్పుడు బాగా అక్కరకొచ్చింది. కొత్త గదిలో ఏడ్చిన గంటసేపు చూసి రాసేదానికీ, రోజూ చూసి రాసినదానికీ చాలా తేడా. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కి తండ్రి వెనకాడాడు, "ముద్ర పడుతది" అని. తొందరపెట్టలేదు. దానితో వచ్చే యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు, లక్ష రూపాయల దాకా థెరపీ ఖర్చులకీ పనికొచ్చే నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా గురించి కాగితం మీద రాసిచ్చాం. మూడు నెలల తర్వాత ఆయనే స్లాట్ బుక్ చేసుకుని వచ్చాడు.

బాబుకి ఇప్పుడు 4 సంవత్సరాల 2 నెలలు. తెలుగులో పాతిక దాకా మాటలు అవసరానికి వాడుతున్నాడు, రెండు కలిపి "చాప ఇవ్వు" అంటాడు. వారానికి రెండు రోజులు మండలంలోని భవిత కేంద్రానికి, అంటే దివ్యాంగ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రానికి, తల్లి తీసుకెళ్తోంది, అక్కడి రిసోర్స్ టీచర్ నెలకోసారి అంగన్‌వాడీకి వచ్చి చూస్తున్నారు. ముందు ముందు ఒకటో తరగతి చదవబోయేది అంగన్‌వాడీ ఆవరణలోనే ఉన్న ప్రాథమిక పాఠశాలలో. మధ్యాహ్నం ఆ తరగతి గది ఖాళీ అయ్యాక ఆయా వారానికోసారి బాబుని తీసుకెళ్లి అక్కడ ఒక చాప పరిపిస్తోంది. టాయిలెట్ మాత్రం ఇంకా కుదరలేదు. ఇంట్లో వెళ్తాడు, అంగన్‌వాడీలో తలుపు దాటడు. లోపల బల్బు లేదు, మగ్గు రంగు ఇంటిదానికంటే వేరు. బల్బుకి సర్పంచ్‌ని అడిగారు, ఇంటి మగ్గులాంటిదే తల్లి నిన్న కొనిచ్చింది.